బీచ్ రోడ్డు కంటే ముందు డాబా

పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో కుక్కల్ని నడిపించేవాళ్లని గమనిస్తే ఒక దృశ్యం పదేపదే కనిపిస్తుంది. లాబ్రడారో జర్మన్ షెపర్డో ముందు లాక్కుపోతూ ఉంటుంది. వెనక మనిషి చెయ్యి సాగదీసి, నడుం వెనక్కి వాల్చి, మడమలు తన్నిపెట్టి నడుస్తుంటాడు. కుక్క మెడలో ఇనప గొలుసు బిగుసుకుని గొంతులోంచి గరగరమని చప్పుడు వస్తుంటుంది. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "దీనికి పొగరెక్కువండీ, మాట వినదు."

అది పొగరు కాదు. లాగితే ముందుకి వెళ్లొచ్చని ఆ కుక్క బాగా నేర్చుకుంది. నేర్పింది యజమానే, వేసిన ప్రతి అడుగుతోనూ. లీష్ (కుక్కని పట్టుకునే తాడు) మీద నెమ్మదిగా నడవడం ఏ కుక్కకీ పుట్టుకతో రాదు, ఏ జాతికీ రాదు. పనిగట్టుకుని నేర్పాలి. గొలుసు ఎంత గట్టిదైనా, మన జబ్బ ఎంత బలమైనదైనా అది నేర్పలేవు. మనం ఎప్పుడు అడుగు వేస్తాం, ఎప్పుడు వెయ్యం అన్నదే నేర్పుతుంది. ఇక బీచ్ రోడ్డు సంగతి. అన్నిటికన్నా చివర వెళ్లాల్సిన చోటది. మనవాళ్లు కుక్కని మొట్టమొదట అక్కడికే తీసుకెళ్తారు.

ఇంత చిన్న విషయానికి ఇంత వ్యాసం ఎందుకని అనిపించవచ్చు. కానీ కుక్క బతుకు చాలావరకు దీని మీదే నిలబడి ఉంటుంది. మూడు నెలల పిల్ల లాగితే ముద్దుగా ఉంటుంది. పది నెలలకి అదే పాతిక కేజీలై లాగితే ఇంట్లో పెద్దావిడ భుజం పట్టేస్తుంది, పిల్లలు మోకాళ్లు దోక్కుపోయి ఏడుస్తారు. "దాన్ని పట్టుకోవడం మావల్ల కాదు" అన్న మాట వస్తుంది. నడక వారానికి రెండు రోజులవుతుంది, తర్వాత అదీ ఉండదు. మెట్ల కిందో వెనక వరండాలోనో కట్టేస్తారు. తిరగనివ్వని కుక్కకి ఒంట్లో సత్తువంతా పేరుకుని, గేటు తీస్తే చాలు మరింత లాగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకి తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం యజమాని చేసిన క్రూరత్వం కిందికే వస్తుంది. ఈ మాట చాలామందికి తెలియదు. లాగుతోంది కాబట్టి నడిపించడం లేదన్నది చెప్పుకోదగ్గ సాకు కాదు.

లాగడం ఎలా అలవాటవుతుంది

కుక్క మామూలు నడకే మన నడక కన్నా వేగం. కాలర్ మెడని వెనక్కి లాగితే అది ఎదురు తిరిగి ముందుకి ఒరుగుతుంది, మనల్ని ఎవరైనా వెనక్కి లాగితే మనం చేసే పని అదే. ఇక్కడి దాకా సహజం. తర్వాత జరిగేదంతా చదువు. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే శాస్త్రవేత్త పిల్లుల్ని పెట్టెల్లో మూసి, తలుపు తీసుకోవడం అవి ఎలా నేర్చుకుంటాయో చూశాడు. ఫలితం ఇచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుంది, ఇవ్వని పనిని మానేస్తుంది అన్న సూత్రం అక్కణ్నుంచి వచ్చింది. కుక్క లాగింది, మనిషి కదిలాడు, చెట్టు అందింది. ఫలితం దొరికినట్టే.

అసలు చిక్కు దీని తర్వాతిది. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించినదేమిటంటే, ప్రతిసారీ ఫలితం ఇచ్చే అలవాటు కన్నా, అప్పుడప్పుడు మాత్రమే ఇచ్చే అలవాటు చాలా మొండిగా నిలబడుతుంది. మన ఇళ్లలో కుక్క నడక సరిగ్గా ఇలాగే సాగుతుంది. పొద్దున నాన్నగారు లాగనివ్వరు. సాయంత్రం వాచ్‌మన్‌కి ఇస్తే ఆయన దాని వెంట పరిగెడతాడు. ఆదివారం అబ్బాయి ఫోన్ చూసుకుంటూ తిప్పుతాడు. నాలుగుసార్లకి ఒక్కసారి లాగుడు పనిచేస్తే చాలు, కుక్క నాలుగుసార్లూ లాగుతుంది. కాబట్టి కుక్కని ముట్టుకునే ముందు ఇంట్లో అందరూ ఒక ఒప్పందానికి రావాలి: లీష్ బిగిస్తే ఎవరి కాలూ ముందుకి పడకూడదు. వాచ్‌మన్, డ్రైవర్, వేసవి సెలవులకొచ్చిన మేనల్లుడు, అందరూ. ఇందుకు ఒప్పుకోని మనిషి చేతికి శిక్షణ ముగిసేదాకా లీష్ ఇవ్వకండి.

గొలుసు మీద నా గొడవ

చోక్ చైన్ (లాగితే మెడకి బిగుసుకునే గొలుసు) అమ్మేవాళ్లు, దానితో నేర్పేవాళ్లు చెప్పే మాట ఒకటుంది: కుక్కకి మనం నాయకులం అనిపించాలి, తోడేళ్ల గుంపుని ఏలే ఆల్ఫాలాగా. ఈ ఊహకి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో ఉన్న తోడేళ్లని చూసి రాసిన పత్రం. అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మీచ్ 1999లో దీన్ని సరిదిద్దాడు. అడవిలో గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబం, అక్కడ కొట్లాడి గెలిచిన రాజు లేడు అని రాశాడు. బోనులో తోడేళ్ల గురించి రాసింది పట్టుకుని మర్రిపాలెంలోని లాబ్రడార్ మెడకి ఉచ్చు బిగించడంలో అర్థం లేదు.

పనిచేస్తుంది కదా అంటారు. మొదటి వారం పనిచేసినట్టే ఉంటుంది. నొప్పికి కుక్క అలవాటుపడుతుంది, పట్టు పెంచాల్సి వస్తుంది. 2006లో అమెరికాలో పశువైద్యులు 26 కుక్కల మీద కొలిచి చూశారు. కాలర్ మీద లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరిగింది, అదే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీలు) మీద లాగితే అలా పెరగలేదు. అవి మామూలు కాలర్లే. పామరేనియన్ లాంటి చిన్న కుక్కల్లో గాలిగొట్టం మెత్తబడి అణిగిపోయే జబ్బు ఎక్కువ, వాటి మెడ మీద ఒత్తిడి అసలు పనికిరాదు. అన్నిటికన్నా నాకు భయం వేసేది వేరే ఉంది. ఎదురుగా పిల్లాడు వస్తున్నప్పుడు కుక్క ముందుకి దూకింది, గొలుసు గొంతు నొక్కింది. ఇలా పదిసార్లు జరిగితే కుక్క నేర్చుకునేది "లాగకూడదు" అని కాదు, "పిల్లలు కనిపిస్తే మెడ నొప్పి పుడుతుంది" అని. కొన్నాళ్లకి పిల్లల్ని చూస్తే గుర్రుమంటుంది. అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో కుక్కలకి బహుమతితోనే నేర్పాలని, నొప్పితో నేర్పవద్దని స్పష్టంగా ప్రకటించింది.

ఏం కొనాలో చెబుతాను. ఆరడుగుల లీష్, నైలాన్‌దో నూలుదో. పెద్ద కుక్కకి ముప్పావు అంగుళం నుంచి అంగుళం వెడల్పు, చిన్నవాటికి అర అంగుళం. ఇనప గొలుసు బరువుకి లీష్ బిగిసిందో వదులైందో చేతికి తెలియదు, జారితే వేళ్లు కోసుకుపోతాయి. సాగుతూ చుట్టుకుంటూ ఉండే రీల్ లీష్ అసలు వద్దు. దాంట్లో స్ప్రింగు ఎప్పుడూ కొంచెం లాగుతూనే ఉంటుంది, కుక్క లాగితే తాడు ఇంకా వస్తుంది. మనం మాన్పించాలనుకున్నదాన్నే అది నేర్పుతుంది.

హార్నెస్ ఛాతీ ముందు ఇంగ్లీషు "వై" అక్షరంలా ఉండాలి, భుజాల మీద అడ్డంగా పట్టీ ఉండకూడదు. అలా ఉంటే ముందుకాలు సాగదు. రొమ్ము ఎముక మీద ఒక రింగు, వీపు మీద ఒక రింగు, రెండూ ఉన్నది చూడండి. లీష్‌ని ముందు రింగుకి తగిలిస్తే కుక్క లాగినప్పుడు దాని ఒళ్లు మీ వైపు తిరుగుతుంది, లాగడం కష్టమవుతుంది. వీపు రింగుకి తగిలిస్తే ఛాతీ మీద ఒత్తిడి సమంగా పడి హాయిగా లాగుతుంది, మంచు బళ్లు లాగే కుక్కలకి అందుకే అలాంటి పట్టీ కడతారు. చంక దగ్గర పట్టీ మోచేతికి రెండు మూడు వేళ్ల ఎడంగా వెనక ఉండాలి, ప్రతి పట్టీ కిందా రెండు వేళ్లు దూరాలి. మన ఊరి ఉక్కపోతలో హార్నెస్ వేసి ఉంచేస్తే చంకల్లో ఒరుసుకుని పుండు పడుతుంది. ఇంటికి రాగానే తీసేయండి.

కొక్కెం ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో అయి ఉండాలి. కిటికీ ఊచల్ని తినేసే ఉప్పుగాలి లీష్ కొక్కేన్నీ వదలదు. చవకరకం కొక్కెంలో స్ప్రింగు ముందు తుప్పు పడుతుంది, బయటికి మెరుస్తూనే ఉండి ఒకరోజు కుక్క గట్టిగా లాగితే తెరుచుకుంటుంది. తీరానికి వెళ్లొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, వారానికోసారి స్ప్రింగుని వేలితో నొక్కి చూడండి.

ముక్కలు, డాబా, మొదటి అడుగు

కుక్కకి జీతం కావాలి. కోడిమాంసం ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి, తోలూ ఎముకా తీసేసి, మిగిలినదాంట్లో 100 గ్రాములు అర గ్రాము చొప్పున కోస్తే 200 ముక్కలొస్తాయి. బఠాణీ గింజ కన్నా చిన్నవి. రుచి తెలియాలి, కడుపు నిండకూడదు. శాకాహారం ఇళ్లలో పనీర్, ఉడికిన చిలగడదుంప, అదీ కాదంటే కుక్క రోజూ తినే గింజలే కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు వాడొచ్చు. ఈ ముక్కలు రోజు తిండిలో పదోవంతు దాటకూడదు, ఇచ్చినంత మేర గిన్నెలో తగ్గించాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి కుక్కలకి విషం, "ఒక్కటేగా" అని కూడా పెట్టవద్దు. మాంసం ముక్కలు ఈ వేడిలో రెండు గంటలకి మించి జేబులో ఉంచకండి.

ఇంకో సరంజామా ఒక మాట. ఇంట్లో మామూలుగా వాడనిది, పొట్టిది, ఎప్పుడూ ఒకేలా పలికేది. "భేష్" అనుకుందాం. భేష్ అన్న వెంటనే ముక్క. ఇరవై ముప్పైసార్లు ఊరికే ఇలా చేస్తే ఆ మాట వినగానే కుక్క మీ చేతి వంక చూస్తుంది. ఇక ఆ మాటతో మీకు నచ్చిన క్షణాన్ని గుర్తు పెట్టొచ్చు, ముక్క సెకనో రెండో ఆలస్యమైనా ఫరవాలేదు.

మొదటి బడి డాబా. పిట్టగోడ తగినంత ఎత్తుందో లేదో, దాన్ని ఆనుకుని డ్రమ్ములూ ఇటుకలూ ఉన్నాయో చూసుకోండి, వాటిని ఎక్కి దూకే కుక్కలుంటాయి. డాబా లేని అపార్ట్‌మెంట్ వాళ్లకి హాలు చాలు. మొదట లీష్ లేకుండానే. నిలబడి ఉండండి. కుక్క వచ్చి మీ ఎడమ మోకాలి పక్కన నిలబడగానే భేష్ అని, ప్యాంటు కుట్టు పక్కనే, దాని ముక్కు ఎత్తులో ముక్క ఇవ్వండి. ఎక్కడ ఇస్తున్నారన్నది ముఖ్యం. మీ ముందు చెయ్యి చాపి ఇస్తే కుక్క మీ ముందుకే వచ్చి కాళ్లకి అడ్డం పడుతుంది. ఒక అడుగు వేయండి, వెంట వస్తే మళ్లీ అదే చోట ముక్క. తర్వాత రెండడుగులకి, ఐదడుగులకి, మళ్లీ రెండడుగులకి. పెంచుకుంటూనే పోతే కుక్కకి విసుగొస్తుంది, మధ్యలో తేలికవి కలపాలి. మొదట్లో నిమిషానికి పది పన్నెండు ముక్కలు వెళ్లిపోతే సరైన జోరులో ఉన్నట్టు. మూడు నిమిషాలు చాలు, రోజుకి రెండు మూడుసార్లు. అరగంట ఏకబిగిన చేయడం దండగ.

ఎడమ పక్కే ఎందుకంటే కుక్కల పోటీల్లో అలా ఆనవాయితీ. మన వీధుల్లో అదే పట్టుకుని కూర్చోకూడదు. ఫుట్‌పాత్ లేని రోడ్డులో ఎదురొచ్చే బళ్లు కనిపించేలా కుడి అంచున నడిస్తే బళ్లన్నీ మన ఎడమ పక్కనుంచే పోతాయి. అప్పుడు కుక్క కుడి పక్కన ఉండాలి. రెండు పక్కలా నేర్పండి, ముందు ఒకటి బాగా వచ్చాక రెండోది.

హార్నెస్ అలవాటు కూడా ఈ రోజుల్లోనే. పట్టీ లోంచి చెయ్యి పెట్టి ముక్క చూపిస్తే కుక్క తనంతట తను తల దూర్చాలి. మూడు నాలుగు రోజులు పట్టనివ్వండి. తల మీంచి బలవంతంగా తొడిగితే లీష్ చూడగానే మంచం కిందకి దూరే కుక్క తయారవుతుంది. లీష్ తగిలించాక కొలత ఒకటే: కుక్క దగ్గరి కొక్కెం కిందకి వేలాడుతుండాలి. అది అడ్డంగా లేచిందంటే లీష్ బిగిసినట్టే. లీష్ చివరి లూపులోకి బొటనవేలు దూర్చి పిడికిలి మూసి పట్టుకోండి. మణికట్టుకి చుట్టుకోవద్దు, కుక్క ఒక్కసారి దూకితే ఎముక విరుగుతుంది.

వీధిలోకి

నడక రోడ్డు మీద మొదలవ్వదు, లీష్ చేతిలోకి తీసుకున్నప్పుడే మొదలవుతుంది. లీష్ చూసి గెంతుతుంటే మళ్లీ మేకుకి తగిలించి కూర్చోండి. నాలుగు కాళ్లూ నేలమీద పెట్టాకే కొక్కెం తగులుతుంది, లీష్ వదులుగా ఉంటేనే గేటు తెరుచుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు గేటు దాటడానికే పది నిమిషాలు పట్టొచ్చు. గేటు దగ్గరే ఇది నేర్చుకున్న కుక్క వీధిలో సగం దారికొచ్చినట్టే.

సమంగా ఉన్న, రద్దీ లేని వీధి ఎంచుకోండి. ఎంవీపీ కాలనీ లోపలి సెక్టార్ల వీధులు, ఉక్కునగరం క్వార్టర్ల మధ్య రోడ్లు ఇందుకు బావుంటాయి. మన ఊళ్లో మెరకలూ పల్లాలూ ఎక్కువ. వాలు దిగుతున్నప్పుడు లాగే కుక్క మనిషిని పడేస్తుంది, ఇంకా నేర్వని కుక్కతో వాలు వీధుల్లోకి దిగొద్దు.

పద్ధతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: లీష్ బిగిసిన క్షణాన ఆగిపోండి. రెండు చేతులూ పొట్టకి ఆన్చి, మాట లేకుండా, లాగకుండా, చెట్టులా. కుక్క వెనక్కి చూసినా, అర అడుగు వెనక్కి వేసినా, ఒళ్లు ఇటు తిప్పినా లీష్ వదులవుతుంది. భేష్ అని, కదలండి. కదలడమే దానికి బహుమతి.

చెప్పడం ఇంత తేలిక, చెడిపోయేది నాలుగైదు చోట్ల. అందరూ చేసేది ఆలస్యం. లీష్ బిగిశాక రెండడుగులు వేసి ఆగుతారు, ఆ రెండడుగులే కుక్కకి చాలు. ఇంకొందరు కాళ్లు ఆపి చెయ్యి చాపుతారు. చెయ్యి చాపితే కుక్కకి రెండడుగుల దారి దొరికింది, లాగుడు గెలిచింది. చెయ్యి పొట్ట దగ్గరే ఉండాలని అందుకే అన్నాను. "ఆగు, ఏయ్, వద్దురా" అంటూ మాట్లాడేవాళ్ల మాటలు వీధి చప్పుడులో కలిసిపోతాయి, కుక్క వాటిని వినడం మానేస్తుంది.

కాస్త తెలివైన కుక్కలతో వచ్చే తంటా వేరు. అది లాగుతుంది, మీరు ఆగుతారు, వెనక్కి వచ్చి ముక్క తింటుంది, మళ్లీ లాగుతుంది. లాగి రావడమే ముక్కకి దారి అని దానికి అర్థమైంది. ఇలా జరుగుతుంటే వెనక్కి వచ్చినందుకు ముక్క ఇవ్వకండి. భేష్ లేకుండా నడక మొదలుపెట్టి, పక్కన నాలుగైదు అడుగులు సరిగ్గా నడిచాక ఇవ్వండి. జీతం నడకకే గాని తిరిగి రావడానికి కాదని రెండు మూడు రోజుల్లో తెలుసుకుంటుంది.

మొదటి నాలుగైదు రోజుల్లో లాగుడు తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసింది ఇప్పుడు పనిచేయకపోతే ఇంకా గట్టిగా ప్రయత్నించడం ఏ జంతువైనా చేసేదే. చాలామంది ఇక్కడే విడిచిపెట్టి చోక్ చైన్ కొంటారు. ఇక్కడ వదిలేస్తే కుక్కకి ఇంకా గట్టిగా లాగమని నేర్పినట్టవుతుంది. ఆరు నుంచి పద్దెనిమిది నెలల వయసులో నేర్చిందంతా మరిచిపోయినట్టు కొన్ని వారాలు గడవడం కూడా మామూలే.

బరువైన కుక్కకి ఆగడం ఒక్కటే సరిపోదు. లీష్ చివరికంటా వెళ్లకముందే "ఇటు" అని ఉత్సాహంగా చెప్పి వెనక్కి తిరిగి నడవండి, అది మిమ్మల్ని అందుకోగానే ముక్క. మాట ముందు, మలుపు తర్వాత. మాట చెప్పకుండా తిరిగితే మెడకి కుదుపు తప్ప ఏమీ మిగలదు. ఈ "ఇటు" తర్వాత వీధి కుక్కల దగ్గర ప్రాణం కాపాడుతుంది.

వాసన చూసుకోవడం కుక్కకి నడకలో సగం. దాన్ని లాక్కురావడం తప్పు, అదే మన చేతిలో ఉన్న గొప్ప బహుమతి. స్తంభం కనిపించింది, కుక్క అటు ఒరిగింది. పక్కన మూడడుగులు బుద్ధిగా నడిపించి "చూస్కో" అని స్తంభం దగ్గరికి తీసుకెళ్లండి. లీష్ వదులుగా ఉంటేనే స్తంభం అందుతుందని తెలిసిన కుక్క కోడిముక్క లేకపోయినా నడుస్తుంది.

ఈ లెక్కన పావుగంటలో యాభై మీటర్లు కూడా వెళ్లలేరు. మరి దాని వ్యాయామం, ఒంటికి రెంటికి పోవడం? అపార్ట్‌మెంట్లలో ఈ పద్ధతి వదిలేసేది ఈ ప్రశ్న దగ్గరే. దారి ఉంది. కుక్క ముందు రింగుకీ వెనక రింగుకీ తేడా పట్టగలదు. అవసరం తీర్చే నడకకి లీష్ వీపు రింగుకి తగిలించండి, ఆ నడకలో లాగినా పట్టించుకోవద్దు, దగ్గర్లోనే ముగించండి. శిక్షణ నడకకి ముందు రింగు, అక్కడ నియమంలో సడలింపు లేదు. పరుగుల కోసం డాబా మీద బంతి, చాప మీద చల్లిన గింజలు ముక్కుతో వెతికించడం. పొద్దున పావుగంట వెతుకులాట పెడితే కుక్క ఎంత స్థిమితపడుతుందో చూస్తేగాని నమ్మలేరు.

వీధి కుక్కలు

మన వీధుల్లో నడక చెడగొట్టేది ఎక్కువగా ఇవే, అవి చెడ్డవి కావు. ఒక్కో వీధిలో ఒక్కో గుంపు తన హద్దులో ఉంటుంది. మన కుక్క ఆ హద్దులో అడుగుపెడితే అరుస్తాయి, దాటగానే ఆగిపోతాయి. వాటి చోట్లు తెలుసుకోవాలి: చెత్తకుండీలు, టీ బడ్డీలు, ఆదివారం పొద్దున కోడిమాంసం కొట్లు. ఆదివారం ఆ దారి మార్చేయండి. రోజూ ఒకే వేళకి, ఒకే దారిలో, తొందర లేకుండా వెళ్తే చాలా గుంపులు కొన్ని వారాల్లో తల కూడా ఎత్తవు. రాళ్లు విసిరేవాడి కుక్కని మాత్రం ఎప్పటికీ గుర్తుంచుకుంటాయి.

శిక్షణకి దూరమే కొలమానం. వీధి కుక్కని చూస్తూ కూడా మీ కుక్క ముక్క తినగలిగితే ఆ దూరం సరైనది. చేతిలో కోడిముక్కని కూడా వాసన చూడటం లేదంటే మరీ దగ్గరికి వచ్చారు, "ఇటు" అని తిరగండి. చూసినందుకు ముక్క, చూసి మీ వంక తిరిగినందుకు రెండు ముక్కలు. రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు అడుగులు దగ్గరవ్వండి. లీష్ బిగబట్టి "ఏం కాదు, ఏం కాదు" అనడం వల్ల కుక్కకి తెలిసేది ఏదో అవుతోందని. గాలి వాలు కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు, మధ్యాహ్నానికి సముద్రం మీంచి ఇటు వీస్తుంది. గాలి వచ్చే వైపు గుంపు ఉంటే మీకు కనిపించకముందే మీ కుక్కకి తెలిసిపోతుంది, హఠాత్తుగా బిగుసుకునేది అందుకే.

వదిలిన కుక్క మీదికి వస్తే పరిగెత్తకండి, కళ్లలోకి చూడకండి, రెంటి మధ్య మీరు నిలబడండి. గొడుగు తెరిస్తే మంచి అడ్డం. ఆ సమయంలో నేలమీద ముక్కలు చల్లితే తిండి కోసం కొట్లాట మొదలవుతుంది. మనిషికి కాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కకి పడితే పశువైద్యుడి దగ్గరికి, దానికి ఏటా వేసే టీకా వేయించి ఉన్నా సరే. మన కుక్క ఎవరినైనా కరిస్తే ఆ పూచీ మనదే: జంతువు విషయంలో అజాగ్రత్తకి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

ఎండ గురించి క్లుప్తంగా. కుక్క వగర్చి ఒళ్లు చల్లబరుచుకుంటుంది, గాలిలో తడి ఎక్కువుంటే ఆ ఉపాయం సరిగ్గా సాగదు. అందుకే విశాఖ వేడి థర్మామీటర్ చూపించినదానికన్నా కుక్కకి ఎక్కువ. అరచేతి వెనక వైపు తారు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు పాదాలకి పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకల్లా ఇంటికి చేరిపోవాలి. చప్పిడి ముక్కు పగ్‌లకి ఇంకా ముందే. మంచు ప్రాంతంలో బళ్లు లాగడానికి పెంచిన హస్కీని ఇక్కడికి తెచ్చి, అది లాగుతోందని కొట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్ల గురించి కూడా అడుగుతుంటారు. పొద్దున్నే వచ్చి కుక్కని తీసుకెళ్లి గంట తర్వాత తెచ్చి కట్టేసే పద్ధతికి డబ్బు పెట్టకండి. నెల తిరిగేసరికి కుక్క ఆయనతో చక్కగా నడుస్తుంది, మీతో లాగుతుంది. లీష్ మీ చేతిలో పెట్టి, మీ కాళ్లూ చేతులూ సరిదిద్దేవాళ్లకి ఇవ్వండి ఆ డబ్బు. చోక్ చైన్ తీసిన క్షణానే గేటు చూపించండి.

ఆఖరికి బీచ్ రోడ్డు

డాబా మీద రెండు వారాలు, వీధిలో నెల నుంచి రెండు నెలలు. మొండిగా అలవాటుపడ్డ పెద్ద కుక్కకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. వీధిలో ఆటో హారన్‌కి, ఎదురొచ్చే కుక్కకి లీష్ వదులుగానే ఉంటోందంటే అప్పుడు తీరానికి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ కాదు. అక్కడ గుర్రాలు, బుడగలు, పిల్లలు, బజ్జీల బళ్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. మామూలు రోజు తెల్లవారుజామున, లాసన్స్ బే వైపు లాంటి జనం పల్చగా ఉండే చోటుకి వెళ్లండి. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన తీరాలకి ఇచ్చే) గుర్తింపు వచ్చిన రుషికొండ తీరానికి మాత్రం వద్దు, పెంపుడు జంతువుల్ని కట్టడి చేయాలని ఆ గుర్తింపు నిబంధనల్లోనే ఉంది.

ఇసుకలో కుక్కకి పిచ్చి పట్టించేవి పీతలు, కళ్ల ముందే పరిగెత్తి కన్నంలోకి మాయమవుతాయి. నేలమీద పడి ఉండే తిండి ఇంకో ప్రమాదం. మురీ మిక్చర్ పొట్లాల్లో ఉల్లి ఉంటుంది. పారేసిన మొక్కజొన్న కండెని కుక్క ముక్కలు చేసి మింగితే అది పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. కాబట్టి "వదులు" అన్న మాట ముందే ఇంట్లో నేర్పి ఉండాలి: పిడికిలిలో ముక్క మూసి, కుక్క ముక్కు వెనక్కి తీయగానే రెండో చేతిలోంచి ఇంకా మంచి ముక్క ఇవ్వడం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా లీష్ తీయనే వద్దు. అవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టే నెలలు, కుక్క ముక్కుకి ఆ గూళ్లు ఇట్టే దొరుకుతాయి. ఉప్పునీళ్లు తాగితే వాంతులవుతాయి, ఒక సీసా మంచినీళ్లు మోసుకెళ్లండి.

మొదటి రోజు పది నిమిషాలు చాలు. రోడ్డుకి అవతలి అంచున, సముద్రానికి దూరంగా నిలబడి, అది చుట్టూ చూసి మీ వంక తిరిగిన ప్రతిసారీ ముక్క ఇవ్వండి. నడవకపోయినా ఫరవాలేదు. ముక్క తినడం మానేస్తే వెంటనే బండెక్కించి ఇంటికి తెచ్చేయండి, రెండు రోజులు మళ్లీ వీధిలో నడిపించి అప్పుడు ఇంకోసారి వెళ్లండి. తింటూ ఉంటే మూడోసారికి పది అడుగులు ఇటూ పది అడుగులు అటూ.